పెరడంతా సిమెంటు పోయించే ముందు: వాన నీళ్లకు చోటు, మన మొక్కలకు పని

ఈ వారం ఎపిసోడ్‌లో పెరట్లో నిలిచిపోయే వాన నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఉన్న టైంలో లెక్కలు, కొలతలు, మొక్కల పేర్లు అన్నీ చెప్పడం కుదరలేదు. డ్యూటీకి పోతూ బస్సులో వింటున్నాం, రాసుకోలేకపోతున్నాం, రాసి పెట్టండి అని చాలామంది అడిగారు. మాట్లాడిన మాటలు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి. పని ఎలా చేయించాలో ఇక్కడ చెప్తాను.

నాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. చాలా ఏళ్లుగా సింగపూర్‌లోనే ఉన్నాను, ఇప్పుడు బుకిట్ పంజాంగ్‌లో ఒక సైట్‌కి సూపర్‌వైజర్ని. మొక్కల శాస్త్రం చదివినవాణ్ని కాదు. నీళ్లు ఎటు పోతాయి, మట్టి ఎంత తాగుతుంది, పైపు ఏ లెవెల్లో పెట్టాలి అన్నది మాత్రం నా రోజువారీ పని.

ఇక్కడి నుంచి డబ్బు పంపి మనం చేయించే పనుల్లో పెరడు ఒకటి. వానాకాలంలో వీడియో కాల్ చేస్తే అమ్మ బురదలో ఇటుకల మీద అడుగులేసుకుంటూ పంపు దగ్గరికి వెళ్తూ కనబడుతుంది. మనకి మనసు ఆగదు. "మొత్తం సిమెంటు పోయించెయ్, నేను పంపుతాను" అనేస్తాం.

మా సైట్‌లో ఒక తమ్ముడు ఇలాగే లక్షన్నర పంపి పెరడు గోడ నుంచి గోడ దాకా కాంక్రీటు పోయించాడు. మరుసటి వానకి వాళ్ల పెరడు శుభ్రంగా ఉంది. నీళ్లు మాత్రం పక్కనున్న బాబాయి వాళ్ల వంటింట్లోకి వెళ్లాయి. రెండు కుటుంబాలకీ మాటల్లేవు. సర్ది చెప్పడానికి ఇతను ఊళ్లో లేడు. ఆర్నెల్ల ఓవర్‌టైం డబ్బు పెట్టి ఒక తగువు కొనుక్కున్నట్టయింది.

వాన నీళ్లను ఒక చోటి నుంచి తోసేస్తే ఇంకో చోటికి పోతాయి, అంతే. వాటిని మన స్థలంలోనే కాసేపు ఆపి, మెల్లగా మట్టికి తాగించాలి. ఆ పనిలో సగం లోతు తక్కువ గుంత చేస్తుంది, మిగతా సగం మొక్కల వేర్లు చేస్తాయి. సింగపూర్ ఇదే పని కోట్ల డాలర్లు పెట్టి చేస్తోంది. మన పెరడుకి అంత ఖర్చు అక్కర్లేదు.

బుకిట్ పంజాంగ్‌లో మనం రోజూ చూసేది

మలయ్‌లో బుకిట్ పంజాంగ్ అంటే పొడవాటి కొండ. ఎల్ఆర్‌టీ స్టేషన్ల పేర్లలో పెటిర్ అనేది కూడా ఉంది, ఆ మాటకి అర్థం పిడుగు. ఇక్కడ పనిచేసే వాళ్లకి ఆ పేరు ఎందుకు పెట్టారని అడగాల్సిన పని లేదు. మెరుపుల హెచ్చరిక రాగానే పని ఆపి అందరం షెడ్డులోకి పోతాం. అరగంటలో లాంగ్‌కాంగ్‌లన్నీ నిండుగా పారతాయి.

సింగపూర్‌లో ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కోస్తా జిల్లాల్లో పడేదానికి రెట్టింపు పైమాటే. ఈ నీళ్లని తీసుకుపోవడానికి దేశమంతా కలిపి దాదాపు 8,000 కిలోమీటర్ల కాలువలు, డ్రైన్లు ఉన్నాయి. ఇన్ని ఉన్నా 2010 జూన్ 16న ఆర్చర్డ్ రోడ్డు మునిగింది. ఊరంతా కాంక్రీటే అయ్యేసరికి పడిన నీళ్లన్నీ ఒకేసారి కాలువలోకి వస్తాయి. కాలువని ఎంత పెద్దది చేసినా దానికీ ఒక హద్దు ఉంటుంది. ఆ తర్వాత బొటానిక్ గార్డెన్స్ దగ్గర భూమి కింద 38,000 క్యూబిక్ మీటర్ల నీళ్లు పట్టే ట్యాంకు కట్టారు. అది 2018లో పూర్తయింది. వాన జోరుగా ఉన్నప్పుడు నీళ్లని అందులో ఆపి, తగ్గాక వదులుతారు.

పీయూబీ, అంటే ఇక్కడి నీళ్ల బోర్డు, 2006లో ఏబీసీ వాటర్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కాలువల ఒడ్డున, పార్కుల్లో, ఇళ్ల బ్లాకుల దగ్గర మొక్కలతో నీళ్లను ఆపి వడకట్టే గుంతలు కట్టడం అందులో ఒక భాగం. బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువని పగలగొట్టి, 3.2 కిలోమీటర్ల వంకర్లు తిరిగే నది చేశారు. అది 2012లో తెరిచారు. ఒడ్డు మట్టి కొట్టుకుపోకుండా రాళ్లతో పాటు మొక్కల వేర్లనే వాడారు. ముందే 2009లో ఒక పక్క డ్రైను మీద 60 మీటర్ల పొడవున రకరకాల పద్ధతులు పెట్టి పరీక్షించి, పనిచేసినవే తీసుకున్నారు. మన బుకిట్ పంజాంగ్‌లో సెంజా రోడ్డు వైపు పాంగ్ సువా చెరువు ఉంది కదా, అదీ వాన నీళ్లు పట్టే చెరువే. ఆదివారం అటు వెళ్తే అంచుల్లో పెంచిన నీటి మొక్కల్ని గమనించండి.

2014 నుంచి ఇంకో రూలు వచ్చింది. 0.2 హెక్టారు, అంటే దాదాపు అరెకరం, అంతకన్నా పెద్ద స్థలంలో కొత్తగా కడితే, వాన నీళ్లు జోరుగా బయటికి పోకుండా లోపలే కొంత ఆపే ఏర్పాటు ఉండాలి. మనం సైట్లలో కట్టే డిటెన్షన్ ట్యాంకులు, రెయిన్ గార్డెన్లు చాలావరకు ఈ రూలు వల్లే వస్తాయి. రెయిన్ గార్డెన్‌ని మన మాటలో వాన తోట అందాం.

లీటర్ల లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు.

మన ఊళ్లో 30 అడుగులకి 30 అడుగుల డాబా ఇల్లు అనుకోండి. అది 900 చదరపు అడుగులు. 10.76తో భాగిస్తే సుమారు 84 చదరపు మీటర్లు. ఒక మంచి వాన 50 మిల్లీమీటర్లు పడితే 4,200 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ముల్లో చెప్పాలంటే 21 డ్రమ్ములు. ఇది డాబా మీద పడినది మాత్రమే. మామూలుగా ఈ 21 డ్రమ్ములూ రెండు పైపుల్లోంచి, రెండు చోట్ల, పునాది పక్కనే పడతాయి. పెరడు చిత్తడిగా ఉందంటే ముందు అనుమానించాల్సింది ఈ పైపుల్నే.

ఇప్పుడు పెరడు లెక్క. 600 చదరపు అడుగుల పెరడు అంటే 56 చదరపు మీటర్లు. అదే వానకి 2,800 లీటర్లు పడతాయి. పీయూబీ లెక్కల పుస్తకంలో కాంక్రీటు నేల మీద పడిన నీళ్లు నూటికి నూరు పాళ్లూ పారిపోతాయని తీసుకుంటారు. గడ్డి నేల, పార్కులకైతే నూటికి 45 పాళ్లు. ఆ లెక్కన మట్టి పెరడు 1,260 లీటర్లు బయటికి పంపితే, సిమెంటు పెరడు మొత్తం 2,800 పంపుతుంది. ఆ తమ్ముడి బాబాయి వంటింట్లోకి వెళ్లింది ఈ తేడానే.

ముందు కారణం పట్టుకోండి

నీళ్లు నిలిచే పెరళ్లన్నీ ఒక రకం కాదు. వీడియో కాల్‌లో ఇంట్లో వాళ్లని ఇవి ఒక్కొక్కటీ చూపించమనండి.

1. డాబా పైపులు ఎక్కడ పడుతున్నాయి? పునాది పక్కనే పడుతుంటే సగం కారణం దొరికినట్టే.

2. పెరడు వాలు ఎటు? లెవెల్ పైపుతో మేస్త్రి పావుగంటలో చెప్తాడు. వాలు ఇంటివైపు ఉంటే గుంత తవ్వే ముందు ఆ వాలు మార్చాలి.

3. ముందు రోడ్డు ఎత్తు పెరిగిందా? మన ఊళ్లలో పాత సీసీ రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు. వేసిన ప్రతిసారీ ఇల్లు కిందికి దిగిపోయినట్టు అవుతుంది. రోడ్డు నీళ్లు లోపలికి వస్తుంటే గేటు దగ్గర చిన్న గట్టు కట్టాలి. ఆ నీళ్లకి పెరట్లో గుంత సరిపోదు.

4. ఇల్లు కట్టినప్పుడు లారీలు, మిక్సరు తిరిగిన చోటేనా? అక్కడ మట్టి రాయిలా గట్టిపడి ఉంటుంది. పైన రెండంగుళాలు మెత్తగా ఉన్నా కింద సిమెంటు పెచ్చులు, కంకర ఉంటాయి.

5. వాన లేనప్పుడు కూడా తడేనా? అలా అయితే అది వాన నీళ్ల సమస్య కాదు. గిన్నెలు తోమిన నీళ్లో, ట్యాంకు పొర్లడమో, సెప్టిక్ ట్యాంకు కారడమో అయ్యుంటుంది. వాడకం నీళ్లని వాన గుంతలోకి వదలకూడదు. రోజూ తడిగా ఉంటే మట్టికి ఊపిరి ఆడదు, దోమలు పెరుగుతాయి.

6. అడుగు తవ్వితే కింద నుంచి నీళ్లు ఊరుతున్నాయా? కోనసీమ లాంటి డెల్టా ఊళ్లలో, చెరువు కింద ఇళ్లలో ఇలా ఉంటుంది. భూమి అప్పటికే నిండుగా ఉంటే ఇంక దానికి ఏం తాగించగలం? అక్కడ నేల ఎత్తు పెంచి, మొక్కల మధ్యనుంచి పారే వెడల్పాటి మట్టి కాలువ తీసి, నీళ్లని ఊరి కాలువకి కలపాలి.

మట్టి తాగుతుందా లేదా: ఒక రోజు పరీక్ష

గుంత పెట్టాలనుకున్న చోట అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వించండి. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. రెండోసారి నింపి, పక్కన స్కేలు గుచ్చి, గంటకోసారి ఫొటో తీసి పంపమనండి. మొదటిసారి పోసిన నీళ్లు ఎండిన మట్టి పీల్చేస్తుంది, అందుకని రెండోసారిదే లెక్క.

గంటకి అంగుళం, ఆపైన దిగితే చాలా మంచిది. శ్రీకాకుళం, విజయనగరం ఎర్రమట్టి, ఇసుక కలిసిన నేలల్లో తరచుగా ఇలా వస్తుంది. గంటకి అర అంగుళం దిగినా ఫర్వాలేదు, అడుగు నీళ్లు ఒక రోజులో పోతాయి. అంతకన్నా తక్కువైతే గుంత అడుగున పైపు వేయాలి, అది కింద చెప్తాను.

నల్లరేగడి ఉన్న అన్నలు జాగ్రత్త. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పునాది దగ్గర అలా జరిగితే గోడలు పగులుతాయి. మీకు వాన తోట పనికి రాదని కాదు, ఇంటికి వీలైనంత దూరంగా పెట్టాలి, అడుగు పైపు తప్పనిసరిగా ఉండాలి.

గుంత కొలత

మామూలు మట్టికి, గుంతలోకి వచ్చే పైకప్పులో ఆరో వంతు వైశాల్యం ఉంటే చాలు. ఇసుక నేలకి పదో వంతు సరిపోతుంది.

పైన చెప్పిన డాబాలో సగం నీళ్లు, అంటే 450 చదరపు అడుగులవి, పెరటివైపు వస్తాయనుకోండి. 50 మిల్లీమీటర్ల వానకి 2,100 లీటర్లు. గుంత 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు పెడితే 6.7 చదరపు మీటర్లు. నీళ్లు 8 అంగుళాలు నిలిస్తే దాదాపు 1,340 లీటర్లు. దాని కింద అడుగున్నర లోతు గుల్ల మట్టి వేస్తాం కదా, అందులో ఐదో వంతు ఖాళీ అనుకున్నా ఇంకో 600 లీటర్లు. మొత్తం 1,940. అంచులు వాలుగా తవ్వుతాం కనక కొంచెం తగ్గుతుంది. వాన పడుతుండగానే కొంత ఇంకుతుంది కనక లెక్క సరిపోతుంది.

ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు, దాని ఇంకుడు గుంతకి కూడా అంతే. తాగే నీళ్ల బావి, బోరు పక్కన పెట్టొద్దు. పక్కింటి గోడకి ఆనించి అసలే వద్దు. పెరడే 10 అడుగుల లోపు ఉంటే ఈ పని మానేసి, డాబా పైపు కింద డ్రమ్ము పెట్టుకుని, పొర్లినది పైపుతో వీధి కాలువకి పంపడం మంచిది.

ఇంకుడు గుంత మనకి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో నీరు-మీరు వచ్చినప్పుడు ఊరూరా తవ్వారు. 2002లో వచ్చిన వాల్టా చట్టం కూడా వాన నీళ్లు ఇంకించమనే చెప్తుంది. మరి చాలా గుంతలు ఇప్పుడెందుకు పనిచేయట్లేదు? లోపల రాళ్లే ఉంటాయి, ప్రాణం ఉన్నది ఏదీ ఉండదు. నీళ్లతో వచ్చిన సన్న మట్టి రాళ్ల సందుల్లో చేరి పూడిపోతుంది. మళ్లీ తవ్వి కడిగే వాళ్లు ఉండరు. వాన తోటలో వేర్లు లోపలికి దిగుతూ, పాతవి చస్తూ, ఆ దారులు తెరిచే ఉంచుతాయి. పైన పేరుకున్న పొరని కాడలు చీల్చుకుంటూ పైకి వస్తాయి. అందుకే మొక్కలు అలంకారం కోసం కాదు, పూడిక తీసే కూలీలు అవే.

తవ్వడం, నింపడం

ఇద్దరు కూలీలు, ఒక మేస్త్రి రెండు రోజుల్లో చేయగలరు. క్రమం ఇది.

మొత్తం రెండు అడుగుల పైచిలుకు లోతు తవ్వాలి. తవ్వాక అడుగుని గునపంతో గుల్ల చేయాలి. పారతో చదును చేసి కాళ్లతో తొక్కితే మళ్లీ గట్టిపడుతుంది, ఆ సంగతి కూలీలకి ముందే చెప్పండి.

మట్టి బాగా తాగేదైతే అడుగున ఏమీ అక్కర్లేదు. తాగనిదైతే ఇంకో 8 అంగుళాలు లోతు పెంచి, చిన్న కంకర పరిచి, మధ్యలో చిల్లులున్న 4 అంగుళాల పీవీసీ పైపు పెట్టి, దాని కొసని వీధి కాలువకి కలపాలి. కంకర మీద 4 అంగుళాల ముతక ఇసుక వేస్తే పై మట్టి కిందికి జారదు.

దాని మీద అడుగున్నర గుల్ల మట్టి. ముతక ఇసుక రెండు పాళ్లు, మంచి పైమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. నల్లరేగడి ఉన్నచోట ఆ మట్టిని తీసేసి బయటి నుంచి ఎర్రమట్టి తేవాలి. నల్లమట్టిలో కొంచెం ఇసుక కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది.

నింపాక పైన ఇంకా 8 అంగుళాలు పల్లంగా ఉండాలి. అంచులు నిలువుగా కాకుండా పళ్లెంలా వాలుగా ఉండాలి. పిల్లలు, ముసలివాళ్లు తిరిగే చోటు కదా, అడుగు జారినా పడిపోకూడదు.

డాబా పైపు నీళ్లు పడేచోట చేతికి పట్టే రాళ్లు పరచాలి. ఇక్కడ సైట్ల నుంచి బయటికి పోయే నీళ్లలో లీటరుకి 50 మిల్లీగ్రాములకి మించి మట్టి ఉండకూడదని రూలు. దానికోసం మనం ఎన్ని సిల్ట్ ఫెన్సులు కడతామో మీకు తెలుసు. ఇంట్లో ఆ రాళ్లే మన సిల్ట్ ట్రాప్. నీళ్ల జోరు తగ్గి, మట్టి అక్కడే ఆగుతుంది. ఏడాదికోసారి రాళ్లు తీసి కడిగితే చాలు.

చివరిది, అందరూ మర్చిపోయేది, పొర్లే దారి. గుంత నిండితే నీళ్లు ఎటు పోవాలో మనమే ముందు నిర్ణయించాలి. 8 అంగుళాల ఎత్తులో అంచుని ఒకచోట తగ్గించి, రాళ్లు పరిచి, వీధి కాలువ వైపు దారి ఇవ్వాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని ఎలా కొట్టిందో చూశాం. అలాంటి వానకి ఏ పెరటి గుంతా సరిపోదు. ఇది మామూలు వానల కోసం. పెద్ద వానలో నీళ్లు ఇంట్లోకి, పక్కింట్లోకి పోకుండా దారి చూపించడమే అప్పుడు దాని పని.

మన మొక్కలే ఎందుకు

సింగపూర్ మొక్కల లిస్టు తీసుకెళ్లి మన ఊళ్లో పెడితే పనిచేయదు. ఇక్కడ పన్నెండు నెలలూ వాన ఉంటుంది. మన దగ్గర వాన తోట నాలుగైదు నెలలు తడుస్తుంది, మిగతా కాలమంతా ఎండిపోయి ఉంటుంది. ఒక రోజు నీళ్లలో నిలబడాలి, మే నెల ఎండకీ తట్టుకోవాలి. ఆ రెండూ తెలిసినవి మన వాగుల ఒడ్డున, చెరువు గట్ల మీద పుట్టి పెరిగిన మొక్కలే. నర్సరీకి డబ్బులు కూడా పెద్దగా అక్కర్లేదు, ఊళ్లోనే దొరుకుతాయి.

గుంత మధ్యలో, నీళ్లు నిలిచే చోట: వట్టివేరు మొదటిది. దాని వేర్లు పక్కలకి పాకకుండా నిలువుగా దిగుతాయి, మంచి మట్టిలో రెండు మూడు మీటర్లు పోతాయి. మట్టిని పట్టుకుంటాయి, నీళ్లకి దారి ఇస్తాయి. అడుగుకో పిలక చొప్పున నాటాలి. పక్కన చేమ పెట్టొచ్చు. వేసవిలో ఆకులు పోయినా దుంప లోపల బతికే ఉండి, తొలకరికి మళ్లీ లేస్తుంది. వస కూడా తడి నేల మొక్కే, కాకపోతే వేసవిలో దానికి కాస్త నీళ్లు పొయ్యాలి. మెట్టతామర అమెరికా నుంచి వచ్చిన మొక్క, అయినా ప్రతి ఊళ్లోనూ ఉంది, తడికి తట్టుకుంటుంది. పువ్వులు కావాలనుకునే వాళ్లు రెండు దుబ్బులు పెట్టుకోండి.

వాలు మీద: సరస్వతి ఆకు, పొన్నగంటి, గరిక. ఇవి నేలని కప్పేసి అంచు మట్టి జారకుండా చూస్తాయి. సరస్వతి ఆకునే ఇక్కడి మలయ్ వాళ్లు పెగాగా అని పచ్చిగా తింటారు. డాబా మీద నుంచి వచ్చే నీళ్లే అయితే ఆకుకూర కోసుకోవచ్చు. రోడ్డు నీళ్లు, పశువుల పాక నీళ్లు వచ్చే గుంతలోది మాత్రం తినొద్దు.

పై అంచున: నిమ్మగడ్డి, వావిలి. వావిలి వాగుల పక్కన పెరిగే పొద. ఆకు పొగ వేస్తే దోమలు పోతాయని మన పెద్దవాళ్లు వాడేవాళ్లు.

స్థలం ఎక్కువుంటే ఇంటికి 20 అడుగుల అవతల ఒక నేరేడో, కానుగో, తెల్లమద్దో పెట్టండి. మూడూ తడి నేలని ఓర్చుకునే చెట్లు. పెద్ద చెట్టు రోజూ చాలా నీళ్లు పైకి లాగేస్తుంది.

పెట్టకూడనివి కూడా ఉన్నాయి. బొప్పాయి, కరివేపాకు, తులసి వేర్లు నీళ్లలో కుళ్లిపోతాయి, వాటిని గట్టు మీదే ఉంచండి. జమ్ము, రెల్లు, తుంగముస్తె మన మొక్కలే, కానీ చిన్న పెరట్లో మొత్తం ఆక్రమించేస్తాయి. గుర్రపుడెక్కని దగ్గరికి రానివ్వొద్దు, అది మన కాలువల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

దోమల సంగతి

"నీళ్లు ఆపితే దోమలు రావా?" అన్నది ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగిన ప్రశ్న. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా దాదాపు వారం పడుతుంది. మన గుంత ఒక రోజులో ఎండిపోతుంది కనక దానికి టైం దొరకదు. రెండు రోజులు దాటి నీళ్లు కనిపిస్తే ఏదో పూడింది అని అర్థం, రాళ్లు కడిగి, పై రెండంగుళాల మట్టి గీకి గుల్ల చేయించండి. నిజంగా దోమలు పెరిగేది పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, మూత లేని డ్రమ్ముల్లో. నీళ్లు పట్టుకునే డ్రమ్ముకి వల గుడ్డ కట్టించండి.

ఇక్కడి నుంచి చేయించడం ఎలా

మా ఇంటి దగ్గర ఈ పని మా తమ్ముడు, మా ఆవిడ కలిసి చేయించారు. కూలి, ఇసుక, పైపు కలిపి పన్నెండు వేలు దాటలేదు. వట్టివేరు పిలకలు, చేమ దుంపలు ఊళ్లో వాళ్లు ఊరికే ఇచ్చారు. ముందు మూడు నాలుగు రోజులు నిలిచే నీళ్లు ఇప్పుడు తెల్లారేసరికి ఉండట్లేదు. మొదటి ఏడాది వేర్లు సరిగ్గా దిగక కొంచెం నెమ్మదిగా ఉంది, రెండో వానాకాలానికి కుదురుకుంది. కనక మొదటి వానకే చూసి పనిచేయలేదు అనేయొద్దు.

పెరడంతా మట్టే ఉంచమని నేను చెప్పట్లేదు. అమ్మానాన్నలు జారకుండా నడవాలి. పంపు దగ్గరికి, బాత్రూంకి, బట్టలు ఆరేసే చోటికి మూడడుగుల దారి సిమెంటుతో వేయించండి, దాని వాలు గుంత వైపు పెట్టించండి. మిగతాది మట్టికి వదిలేయండి.

మేస్త్రి ఒప్పుకోకపోవచ్చు. "ఇదేం పని బాబూ, సిమెంటు పోసేస్తే అయిపోద్ది" అంటాడు. ఆయన్ని తప్పు పట్టక్కర్లేదు, అడిగిన వాళ్లంతా ఆయన చేత అదే చేయించారు. కాగితం మీద కొలతలతో బొమ్మ గీసి ఫొటో పంపండి. ఎంత లోతు, ఎంత వాలు, పైపు ఎక్కడ, పొర్లే దారి ఎటు అన్నీ అందులో ఉండాలి. డబ్బు కూడా ఒకేసారి పంపొద్దు. పరీక్ష గుంట ఫొటోలు వచ్చాక ఒక విడత, తవ్వి అడుగు గుల్ల చేసిన ఫొటో వచ్చాక ఇంకో విడత. సైట్‌లో మన పని మనం ఎలా చెక్ చేయించుకుంటామో ఇదీ అంతే.

పక్కింటి వాళ్లకి మొదలుపెట్టే ముందే చెప్పండి. పొర్లే దారి వాళ్ల వైపు లేదని చూపించండి. ఆ ఒక్క మాటతో చాలా తగువులు ఆగిపోతాయి.

తవ్వకం ఏప్రిల్, మే నెలల్లో చేయించి, తొలకరి పడగానే జూన్, జూలైలో మొక్కలు నాటించండి. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే మొక్కలు నిలదొక్కుకుంటాయి, తర్వాత నుంచి వాటి బతుకు అవే చూసుకుంటాయి.

మీ పెరటి ఫొటోలు పంపితే వచ్చే ఎపిసోడ్‌లో రెండు మూడు తీసుకుని మాట్లాడదాం. వాన వెలిసిన గంటకి ఒక ఫొటో, మర్నాడు అదే టైంకి, అదే చోట నుంచి ఇంకోటి తీయించండి. నీళ్లలో ఒక స్కేలు గుచ్చి పెట్టమనండి. ఇంటి నుంచి ఎన్ని అడుగుల దూరమో, మట్టి ఏ రంగో రాయండి. అంత చెప్తే మీ పెరడుకి ఏది నప్పుతుందో తేల్చడం తేలిక.